గుడివాడ దాకా పాకిన ఎంపాక్స్

ఆ శనివారం పొద్దున్న నవాజ్ వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికేమీ లేదు. ఉదయం బందరు ఆసుపత్రిలో జబ్బు పడడం, మధ్యాహ్నానికల్లా నయం కావడం, బస్సెక్కి గుడివాడ వెళ్లి, తను పెళ్లాడాలనుకున్న ఫర్హానా తండ్రి మౌలాలి గారి నోట "సరే" అనిపించుకోవడం. రెండేళ్లుగా నాన్చుతున్న మౌలాలి గారు ఆ సాయంత్రం ఏ సంగతో తేల్చేస్తానన్నారు. వేళకి రాకపోతే ఈ సంబంధం మర్చిపొమ్మని కూడా అన్నారు.

జబ్బంటే ఉత్తుత్తిదే. ఎంపాక్స్, అదే మంకీపాక్స్, రోగి వస్తే సిబ్బంది ఏం చేస్తారో చూద్దామని ఆ ఆసుపత్రి డాక్టర్ సరోజ మాక్ డ్రిల్ పెట్టారు. సిబ్బందికి చెప్పలేదు. చెబితే ఇక పరీక్షేముంది? సెల్‌ఫోన్లు రిపేరు చేసే నవాజ్‌కి నాటకాల పిచ్చి కనుక రోగి వేషం అతనికిచ్చారు. "మరీ శ్రుతి మించితే తడి దూదితో ఒక పొక్కు తుడిచి చూపించు, నమ్ముతారు," అని చెప్పి ఆవిడ విజయవాడ మీటింగుకి వెళ్లిపోయారు.

పొక్కులు పెట్టడానికి కూచిపూడి నుంచి శ్యాంబాబు దిగాడు. నాట్యం చేసేవాళ్లకి మేకప్ వేస్తాడు. తను వేసిన రంగు చెమటకి కారిందంటే ఆ పూట అన్నం తినడు. మైదా జిగురుతో బుడిపెలు అతికించి, మధ్యలో నల్లచుక్క పెట్టబోతూ ఆగాడు.

"మామూలు రంగు ఈ ఎండకి నిలబడదు బావా. పెడన నుంచి కలంకారీ నలుపు తెచ్చా. కరక్కాయ రసం పూసి, పైన ఇది పెడితే ఉంటదీ..."

"పోదా?"

"చీరల మీదే పోదు!" అన్నాడు శ్యాంబాబు గర్వంగా.

భయపడాల్సిన మాటకి నవాజ్ మురిసిపోయాడు. ఖర్మ కాకపోతే ఏమిటి!

తూలుకుంటూ ఆసుపత్రిలోకి వెళ్లి, "దుబాయి నుంచి వచ్చానండీ, ఒళ్లంతా పొక్కులండీ," అన్నాడు. హెడ్ నర్సు వీరదుర్గ కంగారు పడలేదు. చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, అతనికి మాస్కిచ్చి, క్షణాల్లో వేరే గదిలో కూర్చోబెట్టింది.

"భయపడకు నాయనా. దగ్గరగా మసిలినవాళ్లకి అంటుతుంది గానీ దారిన పోయేవాళ్లందరికీ కాదు. ఈమధ్య ఎవరెవర్ని తాకావో చెప్పు."

ఉత్తుత్తి పేర్లు చెప్పమని సరోజ గారు చెప్పే ఉన్నారు. కానీ ఉత్తుత్తి పేరు పలికితే కళ్లలో నీళ్లెలా వస్తాయి? లోపలి నటుడు రెచ్చిపోయాడు. "నిన్న జుమా నమాజయ్యాక మా కాబోయే మావయ్య, గుడివాడ మౌలాలి గారిని గుండెలకి హత్తుకున్నానండీ!" అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. చిరునామా అడిగితే వీధితో సహా చెప్పాడు.

వీరదుర్గ ఫోన్ తీసి, "గుడివాడ టీమా? వెంటనే బయల్దేరండి," అంది. నవాజ్‌కి ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"అమ్మా, ఆపండాపండి! ఇది డ్రిల్లు! నేను యాక్టర్ని!"

"టెస్టంటే భయపడి అందరూ ఏదోటి చెప్తారులే."

సరోజ గారి ఫోన్ స్విచాఫ్. శ్యాంబాబు ఏదో ప్రదర్శనలో ఉన్నాడేమో, ఎత్తడు. ఇక మిగిలింది తడి దూది. నవాజ్ ధీమాగా ఒక పొక్కు తుడిచాడు. మైదా ఊడింది, నలుపు అలాగే ఉంది. ఇంకా గట్టిగా రుద్దాడు.

"రుద్దకయ్యా! అయ్యయ్యో, పైపొర ఊడి లోపలంతా నల్లబడిపోయింది!" అని వీరదుర్గ బయటినుంచి గడియ పెట్టేసింది. గుడివాడ బస్సు వెళ్లిపోయింది. నవాజ్ మంచం మీద కూలబడ్డాడు.

అక్కడ గుడివాడలో, సాయంత్రం నవాజ్‌కి మాటివ్వాల్సిన మౌలాలి గారు, మధ్యాహ్నమే ముదినేపల్లి చేపల చెరువుల ఆసామి కుటుంబానికి బందరు లడ్డూలు తినిపిస్తున్నారు. ఎందుకైనా మంచిదని రెండో సంబంధం! కూతురితో మాత్రం వాళ్లు పాత స్నేహితులన్నారు. సరిగ్గా అప్పుడే ఆరోగ్యశాఖ వాళ్లు మాస్కులతో గుమ్మంలోకొచ్చారు.

"మౌలాలి గారూ, బందరులో మీ కాబోయే అల్లుడికి ఎంపాక్స్ అనుమానమండీ. నిన్న మిమ్మల్ని హత్తుకున్నాడట."

"కాబోయే అల్లుడా?" ఆసామి లడ్డూ కింద పెట్టాడు. "మరి మావాడెవడండీ?"

మౌలాలి గారు లడ్డూల పళ్లెం ఆయన ముందుకి ఇంకాస్త జరిపారు.

"ఇవాళ ఎవరెవర్ని తాకారండీ?" అనడిగారు టీమువాళ్లు.

"వీళ్లందర్నీ," అని చూపించబోయారు మౌలాలి గారు. సోఫాలో ఎవరూ లేరు. ఫోన్ నంబరు కోసం టీమువాళ్లు ఆసామి కారు వెనక పరిగెత్తాల్సొచ్చింది.

సాయంత్రానికి బందరు ఆసుపత్రి కిటికీ అద్దం దగ్గర ఫర్హానా నిలబడింది, చేతిలో ఫ్లాస్కుతో.

"లోపలికి రానివ్వరంట. ఇక్కడే కూర్చుంటా," అంది. "జబ్బేగా, తగ్గుద్ది. ఇవాళ రాలేదని నిన్ను ఎవరన్నా ఏమన్నా అంటే మాత్రం నేనూరుకోను."

నవాజ్ భోరుమన్నాడు. ఈసారి అందులో నటన లేదు.

వెనకాలే మౌలాలి గారు వచ్చారు, నిప్పులు కక్కుతూ. ఆయన నోరు తెరిచేలోగా మీటింగు నుంచి తిరిగొచ్చిన సరోజ గారు పరుగున వచ్చి సంగతంతా చెప్పారు. పైగా ఆయనకి దణ్ణం పెట్టారు. "ఎవర్ని తాకారో మీలా దాచకుండా చెప్పేవాళ్లుంటే ఏ జబ్బునైనా ఆపొచ్చండీ!"

"డ్రిల్లా? మీ డ్రిల్లుకి లక్షణమైన సంబంధం పారిపోయిందమ్మా!" అనేశారు మౌలాలి గారు.

"సంబంధమా?" ఫర్హానా వెనక్కి తిరిగింది. "పాత స్నేహితులన్నారుగా అబ్బాజాన్? వీళ్లడిగితే దాచకుండా చెప్పారు. నాకెందుకు చెప్పలేదు?"

మౌలాలి గారు అటూ ఇటూ చూశారు. జవాబు కోసం వార్డు వార్డంతా ఆయన మొహంలోకే చూస్తోంది. చివరికి అద్దం వెనకున్న నవాజ్ వైపు తిరిగి "సరే," అన్నారు.

ఈ సంబంధం కుదిర్చిందెవరని చుట్టాలడిగితే, ఆయన ఇప్పటికీ "ఆరోగ్యశాఖ వాళ్లు" అనే చెబుతారు.