తడి, పొడి, మా ఆయన

ప్రతి ఇంట్లోనూ ఒక పర్యావరణవేత్త ఉండి తీరాలని నా నిశ్చితాభిప్రాయం. మా ఇంట్లో ఉన్నారు. మీ ఇంట్లో లేకపోతే నన్ను చూసి కుళ్లుకోకండి. కుళ్లేవన్నీ తడి చెత్తలోకి వెళ్తాయి.

మా ఆయన పుట్టుకతోనే పర్యావరణవేత్త కారు. ఒక పెద్ద ఆఫీసులో ట్రైనింగ్ విభాగంలో పనిచేస్తారు. అంటే, మిగతావాళ్లు పని ఎలా చేయాలో చెప్పడమే ఆయన పని. కిందటి ఎండాకాలంలో ఆఫీసువాళ్లు ఆయన్ని ఒక సెమినార్‌కి పంపారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్లారు. వచ్చేటప్పుడు భూగోళం బరువంతా భుజాన వేసుకొచ్చారు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఆ బరువు దించి నా చేతికిచ్చారు.

"ఇవాళ్టి నుంచి మనం చెత్తని విడదీస్తున్నాం. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు" అన్నారు.

అందులో 'మనం' అన్న మాట ఎంత ముచ్చటగా ఉందో గమనించారా? ఆ మాట విన్నాక నేను చేయవలసిన పనులేమిటో నాకు పూర్తిగా అర్థమైపోయింది.

అర్థం కావడంలో మా అత్తయ్య నాకంటే రెండాకులు ఎక్కువే చదివారు. పొడి చెత్త అని కొడుకు నోటివెంట వచ్చిందా, పొడి చేసిన చెత్త అని ఆవిడ గ్రహించారు. ఇందులో తప్పేముంది? కాఫీ పొడి అంటే పొడి చేసిన కాఫీయే కదా! మర్నాటి నుంచి గుడ్డుపెంకులు, నారింజ తొక్కలు, పెన్సిల్ చెక్కిన పొట్టు బాల్కనీలో ఎండబెట్టి, మిక్సీలో వేసి, మెత్తగా జల్లించి డబ్బాలకెత్తడం మొదలుపెట్టారు. ఆ డబ్బాలు వంటింట్లో మిగతా డబ్బాల పక్కనే చేరాయి. కొడుకు దేశానికి సేవ చేస్తుంటే తను ఒక చెయ్యి వేయకుండా ఉండగలరా?

నష్టమేమైనా జరిగితే అది నాకొక్కదానికే. అదీ ఒక కుర్చీ మాత్రమే.

నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. పొద్దస్తమానం ఇతరుల తప్పులు వెతకడమే నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కళ్లముందు అక్షరాలు చీమల్లా పాకుతుంటాయి. అప్పుడు ముందుగదిలో, కిటికీ పక్కన, పేము కుర్చీలో కాళ్లు స్టూలు మీద పెట్టుకుని, గ్లాసుడు టీతో ఒక గంట కూర్చునేదాన్ని. ఏమీ చదవను. ఏమీ దిద్దను. ఎదురింటి గోడని చూస్తాను. ఆ గోడలో ఎన్ని తప్పులున్నా నాకు సంబంధం లేదు. రోజు మొత్తం మీద నాకంటూ ఉన్నది ఆ గంటే.

అయితే తడి చెత్తని ఎరువుగా మార్చడానికి మా ఆయన ఒక కంపోస్ట్ డ్రమ్ము తెచ్చారు, దానికి గాలి తగలాలని సెమినార్‌లో చెప్పారట. ఇంట్లో గాలి తగిలేది ఆ కిటికీ దగ్గరే. కుర్చీ అటకెక్కింది, డ్రమ్ము కిటికీ పక్కన కొలువుతీరింది. దాన్ని రోజూ సాయంత్రం కలియతిప్పాలి. తిప్పడానికి వీలైన గంట ఏదని వెతికితే, ఏ పనీ లేని గంట నా దగ్గర ఒకటి దొరికింది!

"భూమి కోసం ఒక కుర్చీ త్యాగం చేయలేవా?" అని మా ఆయన అడిగారు.

చేయగలను. త్యాగమంత ఎకో ఫ్రెండ్లీ వస్తువు మరొకటి లేదు. పొగ రాదు, శబ్దం రాదు, ఒకే మనిషి చేత ఎన్నిసార్లయినా చేయించుకోవచ్చు. ఆ సాయంత్రం డ్రమ్ము తిప్పుతుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. కళ్లలో తడి ఏ బకెట్లోకి వస్తుందా అని, ఏ చెత్త ఎందులో వేయాలో రాసి మా ఆయన గోడకి తగిలించిన చార్టు చూశాను. అందులో లేదు.

ఆ తరువాత ఇల్లు రోజురోజుకీ బాగుపడింది. కరెంటు దండగని వాషింగ్ మెషీన్‌కి విశ్రాంతి ఇచ్చారు. మెషీన్‌కి ఇచ్చిన విశ్రాంతి ఎవరి దగ్గరనుంచి తీశారని మీరు అడగకూడదు. టిష్యూ పేపర్లు పోయి తడిగుడ్డలు వచ్చాయి. తడిగుడ్డతో ఏమేం చేయవచ్చో మన పెద్దలు ఎప్పుడో చెప్పిపెట్టారు. మా ఆయన స్నానం చేసిన నీళ్లు టబ్బులో పట్టి మొక్కలకి మోయాలి. స్నానం మాత్రం ఆయనే స్వయంగా చేస్తారు.

ప్రతి స్విచ్చు పక్కనా ఒక స్టిక్కర్ అంటించారు: 'శక్తిని వృథా చేయకండి. అవసరం తీరగానే ఆపేయండి.' ఆ స్టిక్కర్లు అంటించింది కూడా ఆయనే. ఇక్కడున్న పుల్ల తీసి అక్కడ పెట్టరని ఆయన గురించి గిట్టనివాళ్లు అంటుంటారు. వాళ్ల నోళ్లు మూతపడ్డాయి.

పేరు నలుగురిలోకీ పాకింది. మెట్ల దగ్గర ఎవరు కనిపించినా ఆపి, డ్రమ్ము ఎలా తిప్పాలో చేతులు గాల్లో తిప్పి చూపించేవారు. తడి చెత్త పని తడిసి మోపెడవుతోందని నేనొకసారి అంటే, ఈమధ్య నేను పొడిపొడిగా మాట్లాడుతున్నానని ఆయన నొచ్చుకున్నారు. చూశారా, ఆయన విడదీయలేని చెత్త లేదు!

చివరికి మా బిల్డింగ్ కమిటీవాళ్లు 'ఆదర్శ గృహం' బహుమతికి మా ఇల్లు చూడటానికి వచ్చారు. ముందు నడిచింది మూడో అంతస్తు నర్సమ్మగారు. రిటైరై చాలాకాలమైనా గదిలోకి వస్తూనే వార్డులోకి వచ్చినట్టు ఓ చూపు చూస్తారు. మా ఆయన చార్టు ముందు నిలబడి, స్కేలు పట్టుకుని, తడి గురించి, పొడి గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పారు. ఇంతకీ తడి చెత్త బకెట్ ఎక్కడని నర్సమ్మగారు అడిగారు. మా ఆయన తడుముకోకుండా వెళ్లి చెప్పుల అలమర తెరిచారు.

ఆ ఇబ్బంది కప్పిపుచ్చడానికో ఏమో, మా ఇంట్లో మగవాళ్లు కూడా పనిచేస్తారంటూ కాఫీ తనే కలుపుతానని వంటింట్లోకి వెళ్లారు. కాఫీ వచ్చింది. నర్సమ్మగారు వాసన చూసి కప్పు కింద పెట్టేశారు. మా ఆయన మాత్రం గుటక వేసి, మట్టివాసన తగులుతోందని, అసలైన ఆర్గానిక్ అంటే ఇదేనని, కప్పు ఖాళీ చేశారు.

"అది కాఫీ పొడి కాదు నాయనా, పొడి చెత్త" అన్నారు అత్తయ్య.

కమిటీ అంతా నేల చూపులు చూసింది. నర్సమ్మగారు ఒక్కరే అత్తయ్యవైపు తిరిగారు. మెషీన్ ఆపేశారు, మొక్కలకి పంపు కట్టేశారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. మరి ఇన్ని పనులు దేనితో నడుస్తున్నాయని అడిగారు. మా ఆయన నోరు కడుక్కుని వచ్చి సౌరశక్తి గురించి ఎత్తుకోబోయారు.

"మా కోడలితో నడుస్తున్నాయమ్మా" అన్నారు అత్తయ్య.

ఎంత సూటైన జవాబు! ఆవిడ మాటలు వింటారే తప్ప వాటిలో దాగున్నవి వినరు. అందుకే నిజం ఆవిడ నోటికి ఇంత తేలిగ్గా వస్తుంది.

బహుమతి మాకే వచ్చింది. సర్టిఫికెట్ మా ఆయన పేరుమీద ఇచ్చి, చెడిపోకుండా దట్టమైన ప్లాస్టిక్‌లో లామినేట్ చేశారు. సొమ్మొకడిది సోకొకడిది అని మీకు తోస్తే, అది మీ మనసులోని కాలుష్యం.

సెమినార్‌లో చెప్పిన సూత్రాలు మూడట: తగ్గించు, మళ్లీ వాడు, మార్చు. రెండో సూత్రం మా ఇంట్లో దివ్యంగా అమలవుతోంది. పగలు అచ్చాఫీసులో ఒకసారి వాడేసిన మనిషిని సాయంత్రం ఇంట్లో మళ్లీ వాడుతున్నారు. మొదటి సూత్రం కూడా ఆ మనిషికి వర్తిస్తుందేమోనని నర్సమ్మగారు వెళ్లిపోయాక నాకు అనుమానం వచ్చింది.

మర్నాడు సాయంత్రం అటకమీంచి కుర్చీ దించాను. డ్రమ్ముని చెప్పుల అలమర పక్కకి దొర్లించాను. తడి చెత్త బకెట్ కూడా దాని పక్కనే పెట్టాను. హాల్లో లైటు స్విచ్చు పక్కనున్న స్టిక్కర్ జాగ్రత్తగా ఊడదీసి కుర్చీ వీపుకి అంటించాను. కొత్తది కొనలేదు, గమనించండి. టీ పెట్టుకుని, కాళ్లు స్టూలు మీద పెట్టుకుని, ఎదురింటి గోడవైపు చూస్తూ కూర్చున్నాను.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చారు. డ్రమ్ము తిప్పలేదేమని అడగబోయి, కుర్చీ వీపు మీద తన సొంత స్టిక్కర్ చదువుకున్నారు. రెండుసార్లు చదివినట్టున్నారు. అత్తయ్య వంటింట్లో మిక్సీ ఆపి మరీ విన్నారు.

"తడి చెత్త బకెట్ ఎక్కడుంటుంది?" అన్నారు చివరికి.

ఆయన అడిగింది తడి గురించే అయినా, నేను పొడిగానే చెప్పాను.

"మీ కాలిపక్కన."