డబ్బాల మీద ఇంగ్లీషు

మాది ఆళ్లగడ్డలో విత్తనాలు, పురుగుమందుల అంగడి. ఈ వ్యాపారంలో నీతి ఒక్కటే. డబ్బా మీద ఏం రాసి ఉంటే లోపల అదే ఉండాలి. లేకుంటే ముందు రైతు పైరు పోతుంది, తర్వాత మన వీపు పోతుంది. నలభై ఏళ్లు ఆ నీతిని నమ్ముకున్నాను. దాన్ని అడ్డం పెట్టుకునే మా సుబ్బలక్ష్మి నన్ను పడగొట్టింది.

గొడవ బెల్లం దగ్గర మొదలైంది. రుద్రవరంలో వైద్య శిబిరం పెడితే, ఎవరో నా వేలు పొడిచి చక్కెర జబ్బు ఉందన్నారు. నేను నమ్మలేదు. సుబ్బలక్ష్మి నమ్మింది. మర్నాటి నుంచి ఇంట్లో బెల్లం కనబడలేదు.

నంద్యాలలో డాక్టరుకు చూపిద్దామని ఆమె పోరు. సీజను అయిపోనీ అని నా జవాబు. విత్తనాల సీజను పోతే మందుల సీజను, అది పోతే మళ్లీ విత్తనాలు. అట్లా రెండేళ్లు గడిపాను. ఈలోగా కాలివేళ్లు మొద్దుబారాయి. ఆ సంగతి నేను చెప్పలేదు. ఒకనాడు ఎడమకాలి చెప్పు వాకిట్లోనే జారిపోతే, అది లేకుండానే వీధి చివరిదాకా నడిచాను. చెప్పు చేత పట్టుకుని ఆమె వెనకే వచ్చింది. వంగి నా కాలి ముందు పెట్టింది. తిట్టినా బాగుండేది.

మా అమ్మాయి హిమబిందు నంద్యాలలో ఉంటుంది. దాని కూతురు కీర్తన ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఆదివారాలు మేం పోతే ఆ పిల్ల ఒక ఆట ఆడించేది. ఐదు ఇంగ్లీషు అక్షరాలు ఇస్తుంది. వాటితో ఎన్ని మాటలు వస్తే అన్ని చెప్పాలి, ఒక్కోదానికీ తెలుగులో అర్థం చెప్పాలి. నేను గడివేముల బడిలో ఏడు దాకా చదివాను. సుబ్బలక్ష్మి ఐదు. ప్రతి ఆదివారం ఐదే గెలిచేది.

ఒక సోమవారం ఆమె పందెం కట్టింది. ఈసారి కీర్తన అక్షరాలు ముందే చెప్పేసింది. హార్ట్ అనే మాటలో ఉన్న ఐదు.

"నువ్వు గెలిస్తే పొద్దున కాఫీలో బెల్లమేస్తా. ఓడితే మర్నాడే డాక్టరు కాడికి. నోరెత్తకుండా రావాల."

"నోరెత్తకుండా ఎట్లనే? ఆయన నాలిక చూపియ్యమంటాడు గదా."

ఆమె నవ్వలేదు.

మంగళవారం మంచినీళ్ల కోసం వంటింట్లోకి పోయి చూస్తే, ఆరేడు డబ్బాల మీద కొత్తగా చీటీలు అతికించి ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషులో, అన్నీ ఆ ఐదు అక్షరాలతోనే. మిగతా డబ్బాల మీద చీటీలు లేవు. నాకు విషయం తెలిసిపోయింది. వంటింటి సరుకుల ఇంగ్లీషు పేర్లలోంచి ఈ అక్షరాలకు సరిపోయినవి ఏరుకుని బట్టీ పడుతోందన్నమాట.

ఆమె పెరట్లో ఉన్నంతసేపూ నేను డబ్బాల మూతలు తీస్తూనే ఉన్నాను. పైన చీటీ, లోపల సరుకు, రెండూ కాగితం మీద ఎక్కించుకున్నాను. పై అరలో ఉన్న ఒక్కదాన్ని మాత్రం ముట్టలేదు. దాని మీద హార్ట్ అని ఉంది. ఆ మాట నాకు తెలుసు. ముందే నాకోసం గుండె మాత్రలు కొని దాచింది కాబోలనుకుని దూరంగా జరిగాను.

మాటలు పలికించుకోవడానికి మా అంగట్లో గురుస్వామి ఉన్నాడు. ఏమడిగినా అవునంటాడని వాడికి అవునుస్వామి అని పేరు పెట్టాను. హియర్ అంటే ధనియాలే కదరా అని అడిగితే అవునన్నా అన్నాడు. టియర్ అంటే మిరియాలే కదా అంటే, అంతే కదన్నా అన్నాడు. ఇంటరు చదివిన మనిషి. ఇంకెవరిని అడగాలి?

ఆదివారం శిరివెళ్ల దాటేదాకా బస్సులో వల్లె వేసుకున్నాను. కీర్తన నన్నే మొదలుపెట్టమంది. ర్యాట్ అంటే ఎలుక అన్నాను. దాని మందు అమ్మేది నేనే. ఎర్త్ అంటే మోటారుకు వేసే వైరు అన్నాను. పిల్ల దయతలచి మార్కు వేసింది. హార్ట్ అంటే గుండె. ఇక ఎదురు లేదనుకున్నాను.

"హియర్. ధనియాలు."

కీర్తన పెన్సిలు ఆగింది.

"హేట్. మెంతులు. టియర్. మిరియాలు."

"తాతా, ఇవన్నీ యాడ నేర్చుకున్నావు?"

"నలభై ఏండ్ల అంగడి నాది. సరుకు తెల్లేదా నాకు?"

సుబ్బలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హియర్ అంటే వినడం, హేట్ అంటే ద్వేషం, టియర్ అంటే కన్నీటిచుక్క అని పిల్ల విడమరిచింది. మిరియాలు నమిలితే వచ్చేది కన్నీళ్లే కదా అని వాదించాను. మార్కు రాలేదు.

తర్వాత సుబ్బలక్ష్మి పన్నెండు మాటలు చెప్పింది. అందులో ఒక్క దినుసు లేదు. రోజూ సాయంత్రం అవ్వకు ఫోనులో నేర్పేది తనేనని కీర్తన ఒప్పుకుంది.

"మరి ఆ చీటీలు ఎందుకు అతికిచ్చినావు?" అన్నాను.

"నువ్వు చూస్తావని. డబ్బా మీద ఏముంటే లోపల అదే ఉండేది నీ అంగట్లోనప్పా. అది నా వంటిల్లు."

సోమవారం నోరెత్తకుండా పోయాను. డాక్టరు నా పాదం పట్టుకు చూసి, ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే వేళ్లు తీసేయాల్సి వచ్చేదన్నాడు. సుబ్బలక్ష్మి గోడవైపు తిరిగి నిలబడింది. అప్పటినుంచి నెలనెలా నన్ను నంద్యాలకు తోలుకుపోయేది.

బెల్లం మాత్రం దొరకలేదు. ఇల్లంతా వెతికాను. పండగనాడు నా ఆకులో ఒక్క గరిటె పరమాన్నం పడేది. పక్కింటి ప్రమీలమ్మ ఇచ్చిందనేది. ఒకసారి ప్రమీలమ్మకు నమస్కారం పెట్టి, పరమాన్నం బాగుందమ్మా అన్నాను. ఆమె నా వంక అదోలా చూసి లోపలికి పోయింది.

ఇప్పుడు నా పది వేళ్లూ ఉన్నాయి. సుబ్బలక్ష్మి లేదు. పోయిన శ్రావణంలో పోయింది. నా వేళ్లు మొద్దుబారడం కనిపెట్టిన మనిషి తన ఆయాసం సంగతి నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. అది నేను క్షమించను.

మొన్న వంటింట్లో పాత మాత్రలు పారేద్దామని పై అరలోని హార్ట్ చీటీ డబ్బా దించాను. మూత తీస్తే మాత్రలు లేవు. సగం బెల్లం గడ్డ, గీరడానికి ఒక చిన్న చాకు.

ముక్క విరవలేదు. మూత పెట్టి, తుడిచి, మళ్లీ పైనే పెట్టాను. మిగతా చీటీలన్నీ నన్ను ముంచడానికి రాసింది. ఈ ఒక్క డబ్బా మీద మాత్రం లోపల ఉన్నదే రాసింది.