ఎడమ చెంప మీద పుట్టుమచ్చ

పంపు ఆపరేటరు ఆ రోజుకు వేసుకున్న ప్లాను చిన్నది. కాయితాలు సర్దుకుని పింఛను ఆఫీసులో ఇచ్చేసి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. గడువుకు అదే ఆఖరి రోజు. తప్పితే మొదటి పింఛను మరో ఆరు నెలలు వెనక్కి పోతుంది.

భార్య ఒక్కో కాయితం చదివి పక్కన పెడుతోంది. పుట్టిన తేదీ ఉంది. బ్యాంకు పుస్తకం ఉంది. ఫోటోలున్నాయి. సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ నకలు దగ్గర ఆగింది.

"ఏవండీ, ఇక్కడ గుర్తింపు చిహ్నం అని రాసుంది. ఎడమ చెంప మీద పుట్టుమచ్చట."

"ఎవరికి?"

"మీకే!"

ఆయన చెంప తడుముకున్నాడు. రోజూ గడ్డం గీసుకునే చెంప. మచ్చ ఎన్నడూ బ్లేడుకు తగల్లేదు.

"మచ్చ లేకపోతే మీరు మీరు కాదంటారేమోనండీ."

"మరి నేనెవర్నే?"

"ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇటు తిరగండి." ఆవిడ కాటుక తెచ్చి ఎడమ చెంప మీద చుక్క పెట్టింది.

అంతలో ఆవిడ తమ్ముడు దిగాడు. పార్సిల్ ఆఫీసులో పని. "కాటుకేంటక్కా, బస్సెక్కేసరికి కారిపోతుంది" అంటూ, పెట్టెల మీద నంబర్లు వేసే మార్కరు జేబులోంచి తీశాడు. అక్క వద్దనేలోపే బావకు ఎదురుగా నిలబడి, తన ఎడమ చేతి వైపున్న చెంప మీద గుండ్రంగా చుక్క దిద్దాడు.

"ఒరేయ్, అది కుడి చెంపరా!"

"నాకు ఎడమే కదా?"

"మచ్చ నీదా, మీ బావదా?"

సబ్బు రుద్దారు. నూనె రాశారు. కిరసనాయిలు పట్టించారు. చుక్క చెక్కుచెదరలేదు, చెంప మాత్రం బూరెలా పొంగింది. చివరికి దాని మీద ప్లాస్టరు అంటించి, బావా బావమరుదులు బస్సెక్కారు. బస్సులో చెమట పట్టింది. ఆపరేటరు అలవాటుగా రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

కౌంటరులో ఉన్నావిడ కాయితం చూసి, ఆయన్ని చూసి, మళ్ళీ కాయితం చూసింది. "ఎడమ చెంప మీద మచ్చ ఏదండీ?"

"ఇందాక ఇక్కడే ఉందమ్మా!"

"ఎటు వెళ్ళింది?"

ఆయన రుమాలు వంక చూశాడు. బావమరిది కంగారుపడి చటుక్కున ప్లాస్టరు పీకాడు. "ఇదిగోండి!"

"ఇది కుడి చెంప కదండీ."

"మీ వైపు నుంచి చూస్తే ఎడమేనండి."

ఆవిడ దరఖాస్తు పక్కన పెట్టింది. "ముందు మొహం కడుక్కుని రండి. మీరు ఎవరో తర్వాత తేలుస్తాం."

ఆపరేటరు వరండా చివర కుళాయి తిప్పాడు. అది దగ్గి ఊరుకుంది. గోడ అవతల పంపు నీళ్ళు తోడకుండా ఉత్తినే మొత్తుకుంటోంది. ఉద్యోగం పోయినా చెవులు పోలేదు. ఆయన చొక్కా చేతులు మడిచి వెళ్ళి, మోటారు ఆపి, వదులైన బోల్టు బిగించి, నీళ్ళు పోసి మళ్ళీ ఆన్ చేశాడు. కుళాయి పారింది. అప్పటికే కౌంటరు మూసే వేళయింది. మొహం సంగతే మరిచిపోయి పరుగెత్తాడు.

ఆవిడ తలెత్తి చూసింది. కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి చూసింది.

"ఉందిగా! ఎడమ చెంప, నల్ల మచ్చ. ఇందాకే సరిగ్గా తిరిగుంటే పోయేదిగా!" ముద్ర ఠపీమని పడింది.

ఆపరేటరు చెంప మీద వేలు పెట్టి చూసుకున్నాడు. వేలికి గ్రీజు అంటింది. ఉద్యోగంలో చేరిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా ముందు పంపు బాగు చేయించి, ఆ తర్వాతే రిజిస్టరు దగ్గరికి పిలిచారు. ఆయన నవ్వుతూ రుమాలు తీశాడు.

బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. "తుడవకు బావా, డబ్బులు పడనీ."