ఓడవాళ్ళ విమానం, భూతద్దం బావ

“నేరం ఎంత లోతున దాక్కున్నా సరే, నా చూపు దాని మీద పడిందంటే అది తనంతట తానే లేచొచ్చి లొంగిపోతుంది,” అన్నాడు భూతద్దం, తన కళ్ళద్దాల దుకాణంలో కౌంటరు వెనక నిటారుగా నిలబడి.

ఎదురుగా స్టూలు మీద బామ్మర్ది కూర్చున్నాడు. అతను పాతికేళ్ళుగా ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్న మనిషి. తప్పు కనబడితే ఎర్రసిరాతో సున్నా చుట్టడం అలవాటు. బావ మాటల్లో ఎక్కడని చుట్టాలో తెలియక ఆ ప్రయత్నం ఎప్పుడో మానుకున్నాడు.

భూతద్దం అన్నది వీధి పెట్టిన పేరు. కళ్ళద్దాలు ఆయన బతుకుతెరువు, అపరాధ పరిశోధన ఆయన ప్రాణం. ఇప్పటికి రెండు కేసులు తేల్చాడు. ఎదురింటి పాలపాకెట్లు మాయమవుతున్నాయని వారం రోజులు మెట్ల కింద కాపు కాశాడు. ఆ ఇంటివాళ్ళే పాలు మాన్పించారని చివరికి పాలవాడు చెప్పాడు. లాండ్రీవాడి సైకిలు పోయిన కేసులో సైకిలు బావగారి పెరట్లోనే దొరికింది. సాక్ష్యం కింద భద్రపరిచానని ఆయన అన్నాడు. లాండ్రీవాడు ఇప్పటికీ ఈ వీధిలోకి నడిచే వస్తాడు.

మూడో కేసు ఇంట్లోనే పుట్టింది.

భూతద్దం భార్య, అంటే ప్రూఫులాయన అక్క, ముప్పై రెండేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి కిందటి నెలే రిటైరైంది. రిటైరైన మర్నాడు పొద్దున్నే మొగుణ్ణీ తమ్ముణ్ణీ కూర్చోబెట్టి ఒకే ఒక కోరిక చెప్పింది. ఓడెక్కాలి. ఏడు రోజులు నీళ్ళ మీద ఉండాలి. ఎవరూ బెల్లు కొట్టి పిలవని చోట కూర్చోవాలి. ముగ్గురికీ తన డబ్బుతోనే టికెట్లు కొనేసింది కూడా.

చిక్కల్లా ఒకటే. ఓడ బయలుదేరేది వేరే దేశం నుంచి. అక్కడిదాకా విమానంలో వెళ్ళాలి. ఓడ కంపెనీ వాళ్ళే విమానం టికెట్లు కూడా ఇస్తామన్నారు. కాదంటే ఎవరి టికెట్లు వాళ్ళు కొనుక్కోవచ్చు.

“వాళ్ళ ప్యాకేజీలో వెళ్దాం,” అంది అక్క. “విమానం ఆలస్యమైతే పూచీ వాళ్ళది. మన కోసం ఓడ ఆపుతారు.”

“ఏ విమానమో చెప్పారా?” అన్నాడు బావ.

“నెల ముందు చెప్తారట.”

బావ కళ్ళు చిన్నవయ్యాయి. “ఎందుకు దాస్తున్నారు?”

“దాచడం కాదండీ, ఇంకా ఖాయం కాలేదు.”

“ఖాయం కాని విమానానికి ముందే టికెట్లు అమ్ముతున్నారన్నమాట. నిజాయితీపరుడు విమానం నంబరు చెప్పి టికెట్టు అమ్ముతాడు. టికెట్టు అమ్మి నంబరు వెతుక్కునేవాణ్ణి ఏమంటారు?”

“ట్రావెల్ ఏజెంటు అంటారు,” అన్నాడు బామ్మర్ది.

“మనమే కొనుక్కుంటే మనకు నచ్చిన రోజు, నచ్చిన వేళ, నచ్చిన సీటు. పైగా చవక. శత్రువు చేతికి తాళాలివ్వకూడదు.”

“అలాగైతే ఒకరోజు ముందే వెళ్ళిపోదాం,” అంది అక్క. “ఓడ మన కోసం ఆగదుగా.”

“ఒకరోజు ముందు వెళ్తే శత్రువుకి ఒకరోజు దొరుకుతుంది.”

అక్క లేచి కూరగాయలు తరగడానికి వెళ్ళిపోయింది. రోగి మందు వద్దని మొండికేసినప్పుడు కూడా ఆవిడ ఇలాగే లేచి పక్క మంచం దగ్గరికి వెళ్ళేదని తమ్ముడికి తెలుసు.

మర్నాడు భూతద్దం మారువేషంలో ఏజెన్సీకి బయలుదేరాడు. మారువేషం అంటే నల్లకళ్ళద్దాలు. సొంత దుకాణంలోవే. ఎడమ అద్దం మూలన ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది. బామ్మర్ది చెప్పబోయాడు గానీ, “మాట్లాడకు, మనం ఒకళ్ళకొకళ్ళం తెలీదు,” అన్నాడు బావ, అతని భుజం మీద చెయ్యేసి నడుస్తూనే.

ఏజెన్సీ అంటే మేడ మీద రెండు బల్లలు, గోడనిండా నీలం పోస్టర్లు. బల్ల దగ్గరున్నావిడ తలెత్తి చూసి, “రండి సార్, మీరు చేసిచ్చిన కళ్ళజోడు భేషుగ్గా ఉంది. కూర్చోండి, ఒక్క ఫోను చూసుకుని వస్తాను,” అని లోపలి గదిలోకి వెళ్ళింది. తలుపు వారగా తెరిచే ఉంది. భూతద్దం పోస్టరు చూస్తున్నట్టు నటిస్తూ ఆ తలుపుకి చెవి ఆనించాడు.

“ఆ నర్సమ్మగారినీ వాళ్ళాయన్నీ పైకి పంపించేద్దాం సార్,” అంటోంది ఏజెంటమ్మ. “కింద ఉంటే ఊపిరాడదు పాపం. వయసైనవాళ్ళు. ముందే చెప్పొద్దు. అక్కడికెళ్ళాక తెలిస్తేనే బాగుంటుంది. దిగగానే మన మనిషి ఉంటాడుగా, బూడిదరంగు టోపీ ఆయన. మిగతాది ఆయన చూసుకుంటాడు.”

మెట్లు దిగేటప్పుడు బావ మొహం సున్నం కొట్టినట్టుంది.

“విన్నావా? పైకి పంపించేస్తారట.”

“పైకి అన్న మాటకి చాలా అర్థాలున్నాయి బావా.”

“నిఘంటువు నాకు చెప్పకు. మనిషిని పెట్టారు. టోపీ కూడా పెట్టారు.”

ఇంటికొచ్చి భార్యకి గొంతు తగ్గించి చెప్పాడు. “నిన్ను చంపబోతున్నారు.”

“సముద్రం చూశాక చంపమనండి,” అంది అక్క, పెట్టెలో చీరలు సర్దుతూ. “మీరు మీ విమానంలో రండి. నేను వాళ్ళ విమానంలో వస్తాను. ఓడ ఒకటేగా.”

ఎంత చెప్పినా ఆవిడ కదల్లేదు. తర్వాత తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచింది. “నువ్వు ఆయనతో వెళ్ళరా. ఒంటరిగా వదిలితే ఓడ అనుకుని ఏ రైలో ఎక్కేస్తారు.”

భూతద్దం రెండు టికెట్లు కొన్నాడు. ఓడ సాయంత్రం అయిదింటికి. తలుపులు నాలుగింటికి మూస్తారు. వీళ్ళ విమానం పొద్దున్న తొమ్మిదింటికి దిగుతుంది. అక్క విమానం అదే ఊరికి పదకొండింటికి. “ఆ రెండు గంటల్లో టోపీవాణ్ణి పట్టుకుంటాను. ఆవిడ కాలు నేల మీద పెట్టేసరికి అపాయం ఉండకూడదు,” అన్నాడు. ఈ మాట అన్నప్పుడు ఆయన గొంతులో డిటెక్టివ్ లేడు. విమానంలో ఆయన ఏమీ తినలేదు, పక్కవాళ్ళ ట్రేలకేసి కూడా చూడలేదు. అక్కకి నిజంగానే ఏదో అవుతుందని భయపడుతున్నాడని బామ్మర్దికి అర్థమైంది. అందుకే నవ్వలేదు.

విమానం సరిగ్గా తొమ్మిదింటికి దిగింది. “చూశావా, సొంతంగా కొనుక్కోవడమంటే ఇదీ,” అన్నాడు బావ. రేవు అడ్రసు రాసుకున్న కాగితం తీసి టాక్సీల వైపు రెండడుగులు వేసి, ఆగిపోయాడు.

బయటికెళ్ళే తలుపు పక్కన బూడిదరంగు టోపీ ఒకటి కనిపించింది. దాని కింద అరవై ఏళ్ళ పెద్దమనిషి, చొక్కాకి లంగరు గుర్తు బిళ్ళ. అయిదుగురు ప్రయాణికుల్ని వెంటబెట్టుకుని బస్సెక్కిస్తున్నాడు.

“ఇక రేవు సంగతి తర్వాత. పద,” అన్నాడు బావ.

టాక్సీలో ఆ బస్సు వెంట పడ్డారు. బస్సు ఊరు దాటింది, ఇంకో గంట పోయింది, తిన్నగా మరో విమానాశ్రయం ముందు ఆగింది. ఆ ఊరికి విమానాశ్రయాలు రెండు. అక్క దిగేది ఇందులో. ఆ సంగతి భూతద్దం కనుక్కోలేదు, టోపీ వెంటపడితే తగిలింది.

లోపల బోర్డు మీద అక్క విమానం ఎదురుగా ఆలస్యం అని ఉంది. పదకొండు కాదు, రెండింటికి.

“ప్యాకేజీ,” అన్నాడు బావ, ఒక్క మాటే, తృప్తిగా.

స్తంభం వెనక నిలబడి కాపు కాశారు. టోపీ ఆయన ఒక తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రెండు దాటింది. రెండున్నర దాటింది. ఆ తలుపులోంచి ఎవరెవరో వచ్చారు గానీ అక్క రాలేదు. టోపీ ఆయన బోర్డు చూస్తాడు, చేతిలో కాగితం చూస్తాడు, మళ్ళీ బోర్డు చూస్తాడు. మూడు కావస్తుంటే బావ చెంపల మీద చెమట ధారకట్టింది.

“ఏదో చేసేశాడు,” అని గబగబా వెళ్ళి, “నీ ఆట కట్టు. నా భార్య ఎక్కడ?” అని ఆయన చొక్కా పట్టుకున్నాడు.

టోపీ ఎగిరి ఒకవైపు పడింది. కళ్ళజోడు ఇంకోవైపు పడింది. పడ్డ కళ్ళజోడు చూసి భూతద్దం చెయ్యి దానంతటదే వదిలేసింది.

కిందికి వంగి దాన్ని తీశాడు. ఒక పక్క స్క్రూ ఎప్పుడో ఊడిపోతే దారంతో కట్టి ఉంది. ఆ అద్దం ఇప్పుడు ఊడి చేతిలోకొచ్చింది. “ఇదేమిటి, ఎన్నాళ్ళుగా పెట్టుకుంటున్నాడీయన ఇలా? అద్దం తిరగేసి కట్టారు. ఇందులోంచి మూడుకీ ఎనిమిదికీ తేడా తెలీదు.”

ఆ పెద్దమనిషి భాష వేరు. ప్రెస్సులో నాలుగు భాషల ప్రూఫులు చూసిన బామ్మర్ది మధ్యలో నిలబడ్డాడు. “నెల రోజులైందట బావా. రోజూ ప్రయాణికుల్ని తీసుకెళ్ళే పనిలో బాగుచేయించుకునే తీరిక దొరకలేదట. మీరెందుకు కొడుతున్నారని అడుగుతున్నాడు.”

“కూర్చోమను,” అన్నాడు బావ. స్క్రూడ్రైవరు బయలుదేరిన ఊళ్ళోనే విమానం ఎక్కేముందు తనిఖీలో లాగేసుకున్నారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే స్క్రూల డబ్బీ మాత్రం మిగిలింది. నెయిల్ కట్టరులోని ఆకురాయి మొనతో నేల మీదే కూర్చుని పని మొదలుపెట్టాడు. దారం తెంపాడు, అద్దం సరిచేసి కూర్చోబెట్టాడు, ఆవగింజంత స్క్రూని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని బిగించాడు. ఆ అయిదు నిమిషాలూ ఆయన ఒక్క పెద్దమాటా మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళ నుంచీ చూస్తున్న బామ్మర్దికి ఆ క్షణంలో బావ మీద గౌరవం కలిగింది. అది ఎక్కువసేపు నిలవదని కూడా తెలుసు.

టోపీ ఆయన కళ్ళజోడు పెట్టుకుని బోర్డు చూశాడు. మొహం పాలిపోయింది. తను కూర్చున్నది ఎనిమిదో తలుపు. విమానంలోవాళ్ళు బయటికొచ్చింది మూడో తలుపులోంచి, రెండింటికే.

ముగ్గురూ హాలు ఆ చివరికి పరిగెత్తారు. అక్కడ ముప్పైనాలుగు మంది పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. అక్క వాళ్ళ మధ్యలో నిలబడి ఒక పెద్దావిడ నాడి చూస్తోంది. మొగుణ్ణి చూసి, “మీరు ఓడలో ఉండాలి కదా, ఇక్కడేం చేస్తున్నారు?” అంది.

భూతద్దం ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ ఆ చేతికి కూడా నాడి చూసి, “కంగారుపడ్డారు. నీళ్ళు తాగండి,” అంది.

టోపీ ఆయన రేవుకి ఫోను చేశాడు. నాలుగింటిలోపే కబురందింది కాబట్టి, వస్తున్నవాళ్ళు కంపెనీ విమానంలో దిగినవాళ్ళు కాబట్టి, ఓడ గంటసేపు ఆపుతామన్నారు. బస్సులో మనుషుల్ని లెక్కపెడుతూ బావ చేతిలోని కాగితం చూసి ఆయన ఏదో అన్నాడు.

“ఏమంటాడు?”

“మీరు రాసుకున్నది సరుకుల రేవట బావా. అటు వెళ్ళుంటే మనకి బొగ్గు ఓడ దొరికేదట.”

బావ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. టోపీ ఆయన ఈసారి జాబితా తీసి, కొత్తచూపుతో ఉత్సాహంగా చదివి, అక్కనీ బావనీ చూపించి చెయ్యి ఆకాశం వైపు ఎత్తాడు.

బామ్మర్ది చాలాసేపటి తర్వాత నవ్వాడు. “మిమ్మల్నిద్దర్నీ పైకి పంపించేశారట. పై అంతస్తు గది, సముద్రం వైపు బాల్కనీ. ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసిన నర్సులకి కంపెనీ చేసే మర్యాద. అడగకుండా ఇప్పించింది మన ఏజెంటమ్మ. చివరి నిమిషం దాకా చెప్పొద్దంది కూడా ఆవిడే.”

బస్సు రేవు దారి పట్టింది.

“అంటే,” అన్నాడు భూతద్దం గొంతు సవరించుకుని, “నేను టోపీవాణ్ణి వెంబడించకపోతే ముప్పైనాలుగు మందీ అక్కడే ఉండిపోయేవాళ్ళు. కేసు ముగిసింది.”

ఇందులో ఎర్రసిరా పెట్టే చోటు ఎక్కడా దొరకలేదు బామ్మర్దికి. వాక్యం నిజమే. అదే అతన్ని బాధపెట్టింది.

“విమానాల సంగతి తేలలేదుగా,” అన్నాడు. “మనం కొనుక్కున్నది వేళకి దిగింది, రేవు తప్పు. వాళ్ళది మూడు గంటల ఆలస్యం, ఓడ ఆగింది. ఏది మంచిదంటావక్కా?”

“వచ్చేటప్పుడు ముగ్గురం ఒకే విమానంలో వద్దాం,” అంది అక్క. “ఎవరు కొన్నా సరే.”

ఓడ ఆరింటికి కదిలింది. ఎండ ఇంకా ఉంది. అక్క పై అంతస్తు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. రేవు మెల్లగా చిన్నదైంది, క్రేన్లు చిన్నవయ్యాయి, చివరికి నీళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. గదిలో ఎక్కడా గంట మోగలేదు. ఎవరూ పిలవలేదు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా చూస్తూ ఉండిపోయింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

గుమ్మంలో నిలబడ్డ భూతద్దం ఇదంతా నిశితంగా పరిశీలించాడు. బామ్మర్ది చెవి దగ్గరికి వంగాడు.

“చూశావా, రెండుసార్లు తుడుచుకుంది, కళ్ళలో నీళ్ళు. పవరు మారింది.”

ఆ గుసగుస అక్కకి వినబడింది. ఆవిడ వెనక్కి తిరగలేదు.

“అవునండీ, మారింది,” అంది. “ఇంటికెళ్ళాక చూద్దురుగాని. ఇప్పుడు మాత్రం వచ్చి ఇలా కూర్చోండి.”

భూతద్దం వెళ్ళి కూర్చున్నాడు. బామ్మర్ది తలుపు దగ్గరగా వేసి, కిటికీ లేని తన గది వెతుక్కుంటూ కిందికి వెళ్ళాడు.