మంచం కింద ఇసుక పెట్టె

ఆ ఆదివారం భిలాయి సెక్టర్ 6 క్వార్టర్‌లో ఉన్నవాళ్లు నలుగురు. ఉక్కు ప్లాంటు బ్లాస్ట్ ఫర్నెస్‌లో పనిచేసే బాలశౌరి, ఆయన భార్య మరియమ్మ, కూతురు ఏంజెలా, మరియమ్మ అన్నగారి కూతురు జూడీ. మధ్యాహ్నం భోజనానికి డేవిడ్‌రాజ్ గారు వస్తారు. ఆయన ప్లాంటులో రిటైరై, తెలుగు సంఘం సావనీరుకు వ్యాసాలు ఏరుతున్నారు. బాలశౌరి తన తోట మీద రాసుకున్న వ్యాసాన్ని ఆయనకు చదివి వినిపించాలి. ఆ రోజు కార్యక్రమం అంతే.

జూడీ శ్రీకాకుళం దగ్గర పల్లెటూరి బళ్లో పది పాసై, ఇక్కడ పదకొండులో చేరాలని వచ్చింది. "చేర్పించాలా, తిప్పి పంపీయాలా అన్నది మీ మావయ్య చెప్తారు" అని అత్త అన్న రోజునుంచి ఆ పిల్ల ఇంట్లో చప్పుడు కాకుండా నడుస్తోంది. గ్లాసు కింద పెట్టాలన్నా రెండు చేతులతో పెడుతుంది.

పొద్దున్నే మరియమ్మ ఏంజెలాను తీసుకుని చర్చికి బయల్దేరింది. "కోడి నేనొచ్చి వండుతాను గాని, అన్నం, చారు పెట్టీసి, ఇంట్లో ఏటుంటే దాన్తో ఒక పులుసు చేసీ. మావయ్యని మాత్రం కదపకు. వరండాలో సదువుకుంటన్నారు."

ఇంట్లో ఉన్నవి వడిలిన వంకాయలు రెండు. మావయ్యను అడుగుదామని జూడీ గుమ్మం దాకా వెళ్లింది. ఆయన ఒకే వాక్యాన్ని ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా, ఒకసారి కళ్లు మూసుకుని చదువుతున్నాడు. అడగడం కంటే వంట చేయడం తేలికనిపించి వెనక్కి వచ్చేసింది.

మావయ్య మంచం కింద ఊడుస్తుంటే చీపురు ఒక చెక్కపెట్టెకు తగిలింది. తెరిచి చూస్తే పొడి ఇసుక. ఇసుకలో వేళ్లు పెడితే దుంపలు. జూడీకి ప్రాణం లేచి వచ్చింది. ఊళ్లో నానమ్మ కూడా చిలగడదుంపల్ని ఇలాగే ఇసుకలో దాస్తుంది. ఒక్కొక్కదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టి ఉంది. పట్నంలో దుంపలకు కూడా రిబ్బన్లు కడతారు కాబోలు అనుకుని, ఒక్కటీ మిగలకుండా విప్పేసి, చెక్కు తీసి, చింతపండు, బెల్లం వేసి పొయ్యి మీద పెట్టింది. ఎంతసేపు ఉడికించినా మెత్తబడలేదు. ఇక్కడి నీళ్లలోనే ఇనుముందేమో అని సరిపెట్టుకుంది.

భోజనాల దగ్గర డేవిడ్‌రాజ్ గారు కోడిని పక్కకు జరిపారు.

"ఏటమ్మా ఈ దుంప? కరకరలాడతన్నాది. భలే ఉన్నాది!"

"మా మేనకోడలు చేసిందన్నయ్యా," అంది మరియమ్మ. జూడీ దగ్గర్లోని కోహ్కా సంతనుంచి తెచ్చుంటుందని ఆమె అనుకుంది.

"ఇంకొంచెం వెయ్యి," అన్నాడు బాలశౌరి. "మా అమ్మ పోయాక ఇలాంటి పులుసు ఎవులూ పెట్టలేదు." జూడీకి మొదటిసారి, ఇక్కడే ఉండిపోవచ్చేమో అనిపించింది.

చేతులు కడుక్కున్నాక బాలశౌరి గొంతు సవరించుకుని వ్యాసం అందుకున్నాడు.

"కొలిమి ముందు నిలబడి ఇంటికొచ్చేవాడికి పువ్వు చల్లటి మంటలా కనిపిస్తుంది. పూలు వాడిపోయాక నా డాలియాలు చనిపోవు. దుంపలుగా ఒదిగి, ఎండాకాలమంతా నా మంచం కింద ఇసుక పెట్టెలో నిద్రపోతాయి. వాటికి మెలకువ వస్తుందేమోనని నేను మెల్లగా ఒత్తిగిలుతాను. ఏది ఏ రంగుదో తెలియాలని ఒక్కొక్కదానికి ఒక గుడ్డపీలిక కట్టాను."

వంటింట్లో జూడీ చేతిలోని నీళ్లజగ్గు జారి పడింది.

"వదినా," అంది జూడీ, పక్కనున్న ఏంజెలా చెయ్యి పట్టుకుని, "డాలియా దుంప తింటే ఏటవుద్ది?"

"డాలియా ఎవరైనా తింటారా, పాగల్?" అని నవ్విన ఏంజెలా, జూడీ ముఖం చూసి ఆగిపోయింది. "పులుసా?"

జూడీ తలూపింది.

"అరే, నేను కూడా తిన్నాను కదా యార్! మా ఫ్రెండ్ వాళ్ల మేక గన్నేరు తిని చచ్చిపోయింది, మర్ గయీ!"

మేక సంగతి విన్నాక జూడీ అత్త దగ్గరికి పరుగెత్తింది. అంతా విని మరియమ్మ ఉప్పు డబ్బా అందుకుంది. "ముందు ఉప్పునీళ్లు తాగించాల. ఆయనకి మాత్రం చెప్పొద్దు, గుండాగిపోద్ది." వెంటనే రెండు గ్లాసులు పట్టుకుని ముందు గదిలోకి వెళ్లింది. బాలశౌరి చదువుతూ చేత్తోనే వద్దన్నాడు. డేవిడ్‌రాజ్ గారు ఒక గుక్క తాగి ఉలిక్కిపడ్డారు.

"ఏటమ్మా ఇది, వైజాగ్ బీచా?"

"మొత్తం తాగీయండన్నయ్యా. వేసవి కదా, ఒంటికి మంచిది."

ఆయన మర్యాదస్థుడు, తాగేశారు. గ్లాసు దించి చూస్తే గుమ్మంలో జూడీ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"బాలశౌరి గారూ, అటు చూడండి! మీ వ్యాసానికి పిల్ల ఎలగేడుస్తన్నాదో!"

బాలశౌరి ముఖం వెలిగిపోయింది. దుంపల పేరా మళ్లీ మొదటినుంచి, ఇంకా మెల్లగా చదివాడు. ఒక్కో మాటకూ జూడీ ఏడుపు పెరిగింది. అది చూసి ఆయన కాగితాలు మడిచేశాడు. "పదండి," అన్నాడు లేచి, "నిద్రపోతన్నవాళ్లని చూపిస్తాను."

"గది ఊడ్వలేదండీ," అని మరియమ్మ అడ్డం వెళ్లినా ఆగలేదు.

మోకాళ్ల మీద కూర్చుని పెట్టె లాగాడు. నవ్వుతూ ఇసుకలో వేళ్లు పెట్టాడు. తర్వాత మణికట్టు దాకా పెట్టాడు. మోచెయ్యి మునిగేసరికి నవ్వు పోయింది.

"పందికొక్కు!" అని కేక వేశాడు. "నా బిడ్డల్ని పందికొక్కు తినీసింది!"

"అవునండీ, నిన్న చప్పుడైంది," అంది మరియమ్మ తడుముకోకుండా.

"హా పప్పా, బహుత్ మోటా, ఇంత లావుంది," అంది ఏంజెలా.

ఇక జూడీ చేయవలసిందల్లా నోరు మూసుకుని నిలబడటం. ఆ విద్య ఆమెకు పుట్టుకతో వచ్చింది. కాని డేవిడ్‌రాజ్ గారు పొట్ట పట్టుకుని గోడకు ఆనుకున్నారు. అది ఉప్పునీళ్ల పని అని ఆమెకు తట్టలేదు. మనిషి పోతున్నాడనే అనుకుంది.

"పందికొక్కు కాదు మావయ్యా!" ఆ ఇంట్లో జూడీ గొంతు ఎవరైనా సరిగ్గా విన్నది అప్పుడే. "నేనే! పులుసు పెట్టీసేను! అందరం తినీసేం! ఆస్పత్రికి ఎల్దాం పదండి, చచ్చిపోతాం!"

బాలశౌరి ఇసుకలోంచి చెయ్యి తీసి మంచం మీద కూర్చున్నాడు.

"చావరు," అన్నాడు. "డాలియా దుంపలో విషం లేదు. తినొచ్చు. మనిషన్నవాడు తినడు గాని."

మరియమ్మ సిలువ గుర్తు వేసుకుంది.

"అయితే నేనెందుకమ్మా ఉప్పునీళ్లు తాగీసేను?" అన్నారు డేవిడ్‌రాజ్ గారు. ఆయన బాలశౌరి వైపు తిరిగారు. "అయినా మీరు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారండీ."

జూడీ కళ్లు తుడుచుకుంది. "బట్టలు సర్దుకుంటాను మావయ్యా. రాత్రి బండికి ఊరెల్లిపోతాను."

"ఎక్కడికెల్తావే?" బాలశౌరి లేచి నిలబడ్డాడు. "నా తోట తినీసి ఊరికి చెక్కీడమా? పసుపుదాని దుంపకి పక్క సెక్టర్ గురుమూర్తిని బతిమాలాల. ఎర్రది ఎక్కడుందో ఎతకాల. ఈ చలికాలం నాటి, పై చలికాలం మళ్లీ నాటితే గాని పెట్టె నిండదు. అదంతా ఎవులు చేస్తారు, నీ బాబా? రెండేళ్లు నువ్వీ ఊరు కదలడానికి లేదు!"

"మరి బడి?" అంది మరియమ్మ మెల్లగా.

"బడికెల్లొచ్చీసి చేస్తాది! ముందందరూ బయటికి నడండి. వ్యాసం మళ్లీ రాసుకోవాల నేను. అందులో నిద్రపోతన్నవాళ్లెవులూ ఇప్పుడు లేరు."

అందర్నీ గదిలోంచి తోలి, అందరికంటే వెనక మిగిలిన జూడీ ముఖం మీద ధడేల్మని తలుపు వేసేశాడు.

భిలాయిలో ఆమెకు పదకొండో తరగతి సీటు అలా ఖాయమైంది.