పంజగుట్ట గరికపోరు

హుస్సేన్‌సాగరపు తడిగాలులు తురాయి కొమ్మలను వింజామరలుగా వీచుచుండ, నిజాముగారి ఫసలీ లెక్కన పదమూడు వందల నలభై ఎనిమిదవ ఏటి శ్రావణమున, నిన్నమొన్నటి జొన్నచేల నెత్తిన బంగళాలు ధవళకిరీటములై వెలసిన పంజగుట్టా మహాపురమున, ముప్పది వానకాలములు పీకుటయే గాని కలుపుకొనిపోవుట ఎరుగని కలుపుకులాంతకుడు, కొడవలిభుజుడు ఐలయ్య, తానమ్ముకున్న చేనిలోనే తాను మాలియై నిలిచెను.

ఆ చేనిప్పుడు ఇంజినీరు జ్ఞానరాజుగారి బంగళా ముంగిలి. అందు లాను. లానంటే మరేమీ కాదు, గరిక! తాతముత్తాతలు పెరికి పారేసిన ఆ జన్మశత్రువుకు ఐలయ్యే నీళ్లు మోయవలె. సంగతి తలకు తెలిసినా చేతికి తెలియదాయె; ఏమరి వంగెనా, పిడికెడు ఊడివచ్చును. అప్పటికే లానులో మూడు బోడిగుండ్లు తేలెను.

"సాయంత్రం పాదిరిగారు టీకి వస్తున్నారు ఐలయ్యా," అనెను దొరసాని దేవమణమ్మ. "నాలుగో గుండు కనబడిందా, రేపట్నుంచి వేరే మాలి వస్తాడు."

పని పోయినచో, తన మట్టిని తొక్కుటకు తనకే గేటు తెరువరు. ఐలయ్య చేతులు వెనుకకు కట్టుకొనెను.

సద్దిగిన్నె తెచ్చిన భార్య మంగవ్వ తేరిపార చూసెను. "ఏందయ్యా, దొంగను పట్కపోతున్నట్టు గా చేతులేంది?"

"ఇడిస్తే ఆగుతలేవే. గరిక కనవడితె నా మాట ఇంటలేవు."

"నా మాట నువ్వు ఇనకుంటె నాకెట్లుంటదో ఇప్పుడు ఎరుకైందా?"

సాయంసంధ్య. టీకప్పులు ఘల్లుమనెను. "ఐలయ్యా, కుర్చీ జరుపు," అనెను దొరసాని. కట్లు వీడెను. వంగిన వీరుని కంటికి, పాదిరిగారి బూటు పక్కన, జానెడు పొడవున మీసము దువ్వుచు నిలిచిన గరికపోచ! కుడిచేయి గరుడునివలె దూకి దాని పీకపట్టెను.

"ఓరి దక్షిణహస్తమా," అని ఐలయ్య లోలోన గర్జించెను, "నా అన్నము తిని, నా కూటికే ఎసరు పెట్టెదవా? జర ఆగు బిడ్డా, నీ కాల్మొక్త!"

ఎడమచేయి పోయి కుడిమణికట్టును బిగించెను. నరములు ఉబ్బెను, చెమటలు కారెను, దొరసాని కప్పు పెదవులకడ ఆగెను. అంతట ఒక్కొక్క వేలే విచ్చుకొని, ఏమి చేయవలెనో తోచక, ఆ పోచను మెల్లగా నిమిరెను.

"చూశారా అమ్మా," అనెను పాదిరిగారు మురిసి, "మీ మాలికి పచ్చిక అంటే ఎంత ప్రాణమో!"

దొరసాని చిరునవ్వెను. పని నిలిచెను.

గేటు దాటి అడుగిడగానే ఐలయ్య బాట పక్కని గరికను గుప్పెడు పెరికి, చేతి కూలి చేతికిచ్చెను. పంజగుట్టా పౌరులారా, వినుడు: నాటి మహాసమరమున గరికపోచ ఒక్కటి, వేళ్లతో సహా, గెలిచెను.