రాసిచ్చిన మాటలు

ఆ ఉదయం తొమ్మిదింటికి నజ్మీన్ తన పిన్నికి భర్త పోయాడని చెప్పాలి. ఎంబీబీఎస్ చివరి ఏడాది పరీక్ష అది. పరీక్షకుల రాకపోకల ఖర్చు, రోగులుగా నటించేవాళ్ల కూలి దండగనుకుని కాలేజీవాళ్లు ఈసారి ఇంటి నుంచే వీడియోలో పెట్టారు. రోగి పాత్రకైనా, బంధువు పాత్రకైనా ఇంట్లో మనిషినే కూర్చోబెట్టుకోవాలి. రాసిచ్చిన మాటలు దాటితే ఫెయిలు. ఎదుటి మనిషి మీద నుంచి చూపు తిప్పితే మార్కులు కోత. నజ్మీన్ ఇదివరకే ఒకసారి తప్పింది.

బాబాయి మీరావలి చిలకలూరిపేట హైవే మీది పత్తి జిన్నింగ్ మిల్లుకు పనికి వెళ్లిపోయాడు. పిన్ని కరీమున్ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"నేనేం చెయ్యాలే?"

"నేను చెప్పింది విని బాధపడు పిన్నీ, చాలు."

నజ్మీన్ ఫోను నిలబెట్టి, తెల్లకోటు వేసుకుని మొదలుపెట్టింది. "మనసు గట్టి చేసుకోండమ్మా. మీ ఆయనకు గుండెపోటు వచ్చింది. ఎంత ప్రయత్నించినా కాపాడలేకపోయాం."

కరీమున్ నటిద్దామనే అనుకుంది. ఆ మాట చెవిన పడేసరికి నిజంగానే దుఃఖం పొంగుకొచ్చింది. గొంతెత్తి ఏడ్చింది.

పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటి చాంద్‌బీ గుమ్మంలోనే ఆగిపోయింది. "మీరావలి పోయాడా? ఎప్పుడమ్మా?"

కాదనే మాట నోటిదాకా వచ్చింది నజ్మీన్‌కు. కెమెరా గుర్తొచ్చి మింగేసింది. ఆ మౌనమే జవాబనుకుని చాంద్‌బీ వీధిలోకి పరిగెత్తింది.

ఐదు నిమిషాల్లో గది ఆడవాళ్లతో నిండిపోయింది. అందరూ ఏడుస్తుంటే కరీమున్‌కు అనుమానం పట్టుకుంది. "నిజం చెప్పవే. పరీక్షని చెప్పి నన్ను కూర్చోబెట్టి, అసలు కబురే చెప్తున్నావా?"

"మీ బాధ నాకు అర్థమవుతోందమ్మా," అంది నజ్మీన్. కాగితంలో అదే ఉంది.

కరీమున్ స్పృహతప్పి ఒరిగిపోయింది. నజ్మీన్ పరీక్ష వదిలేసి ఆమెను పట్టుకుని, మొహాన నీళ్లు చల్లి లేపింది. ఇది పరీక్షేనని ఇప్పుడు చెప్పినా ఆ ఏడుపుల్లో ఎవరూ వినలేదు.

ఈలోగా ఎవరో మిల్లుకు ఫోను చేసి, మీరావలి ఇంట్లో చావని ఏడుస్తూ పెట్టేశారు. చచ్చిపోయింది తనేనని మీరావలికి ఎవరు చెప్పగలరు? "మీ ఇంట్లో ఎవరో పోయారంట, బయల్దేరు," అన్నారు మిల్లువాళ్లు. ఇంట్లో ఉన్నది భార్య, నజ్మీన్. ఎవరో తేల్చుకోలేక బండి ముందుకు దూకించాడు. హైవే మలుపులో పత్తి లారీ వెనక చక్రానికి గుద్దుకున్నాడు.

ఆటోలో వంకరపోయిన కాలితో మీరావలి దిగేసరికి ఏడుపులు ఆగిపోయాయి. "బతికే ఉన్నాడుగా," అంది చాంద్‌బీ, తనను మోసం చేసినట్టు. నజ్మీన్ రెండు చెక్కలు కాలికి ఆనించి, చున్నీతో కట్టి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

కట్టు వేశాక మీరావలి మెల్లగా అడిగాడు. "ఒక్కమాట చెప్పుంటే పోయేదిగదమ్మా?"

అప్పుడే నజ్మీన్ ఫోనులో కాలేజీ సందేశం వచ్చింది. రెండో నిమిషంలోనే నెట్ తెగిపోయిందట. తర్వాత జరిగిందేదీ ఎవరూ చూడలేదట. అందుకని ఆమెను ఫెయిలు చెయ్యడం లేదు. గురువారం మళ్లీ పరీక్ష.

ఈసారి ఇచ్చిన కేసు కాలు విరిగిన రోగి. బాబాయికి నటన నేర్పే పని లేకపోయింది.